పిట్ట ముట్టేదాకా

భూపాలపల్లి,
జూలై

అత్తమ్మకు,

వందనాలు అని మొదలుపెట్టడం మా ఇంట్లో అలవాటు. అందుకని వందనాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను అరుస్తాను, నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, ఆఖరికి ఇద్దరం విసిగి పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను. రాజక్క కుట్టుమిషన్ ఆపి నీకు చదివి వినిపిస్తుంది కదా. రాజక్కా, నీకూ వందనాలు.

నేను క్యాంటీన్ పనికి తిరిగి వచ్చేశాను. నీ కొడుకు బొగ్గు లారీ మీద టార్పాలిన్ కడుతూ జారిపడి చనిపోయాడు. దినాలు ముగిసీ ముగియకముందే మా మేస్త్రీ ఫోన్. "వస్తవా, ఇంకోదాన్ని పెట్టుకోవాల్నా?" అన్నాడు. వచ్చాను. ఆ మేస్త్రీ మీద కోపం ఉంది. లారీ మీద కోపం ఉంది. లోపల చెయ్యి పెట్టి వెతికితే కోపం తప్ప ఇంకేమీ తగలడం లేదు. ఏడుపు వస్తుందేమోనని చూస్తున్నాను. బస్తాడు ఉల్లిగడ్డలు కోసినా రావడం లేదు.

అసలు సంగతి. రాజక్క ఫోన్‌లో చెప్పింది, మూడద్దుల నాడు నీ కొడుక్కి పెట్టిన విస్తరిని పిట్ట ముట్టలేదని నువ్వు ఒట్టు పెట్టుకున్నావట. పిట్ట ముట్టేదాకా కూర ముట్టనని. అప్పటినుంచి ఉప్పూ అన్నమేనట. అత్తమ్మా, నీ ఒంట్లో రక్తం తక్కువని దవాఖానలో చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

ఆ మూడో రోజు కూడా నేను పక్కనే ఉన్నాను. బొందలగడ్డలో పూడ్చిన చోట విస్తరి వేశారు. అన్నం, కోడికూర, గారెలు, కల్లు సీసా. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకి వచ్చింది, తుమ్మకొమ్మ మీద కూర్చుంది, చూసింది, పోయింది. పోశాలు మామ "నీ పెండ్లాన్ని మంచిగ సూసుకుంటం కొడుకా, ముట్టురా" అని మాటిచ్చాడు. ఇంకొకరు ఇంకో మాటిచ్చారు. ఎండ ముదిరింది. చనిపోయినవాళ్లకు తిండి పెట్టడం మా పద్ధతి కాదు కాబట్టి నేను ఏ మాటా ఇవ్వలేదు. నాకు తోచింది ఒక్కటే. ఆ కాకికి ఆకలి లేదు.

నీ ఒట్టు కూర మీద కదా. పచ్చిపులుసు కూర కాదు, పొయ్యి కూడా ఎక్కదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పల్చగా పిసుకు. నాలుగు పచ్చిమిర్చి మంట మీద కాల్చి, ఉప్పేసి నలుపు. ఉల్లిగడ్డ సన్నగా తరిగి చేత్తో మెదుపు. జీలకర్ర, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా. పోపు పెట్టకు, పెడితే పొయ్యి ఎక్కింది కదా అని వంక పెడతావు. అన్నంలో పోసుకుని తిను.

అన్నం ముందు ప్రార్థన మానలేదు నేను. నోరు చేస్తోంది. నేను వింటున్నాను.

షారోన్

*

స్టేషన్ ఘన్‌పూర్,
ఆగస్టు

బిడ్డ షారోన్‌కు,

నీ అత్తమ్మ ఎల్లక్క చెప్తుంటే రాజి రాస్తున్నది. ఏది చెప్తే అది రాయమన్నది, నా తెలివి కలుపొద్దన్నది.

బిడ్డా, నీ ఉత్తరం అందింది. రాజి గడపల కూసోని నా చెవుల ఒర్రినట్టు సదివింది. వాడకట్టంత ఇన్నది. పోశాలు బావ అయితే పడి పడి నవ్విండు. "కాకికి ఆకలి లేదంటది నీ కోడలు. ఆకలి లేని కాకిని ఎన్నడన్న సూసినవానే ఎల్లక్కా?" అన్నడు. నేను సుత సూడలే.

పచ్చిపులుసు కూర గాదని నాకు నేర్పుతున్నవా? నీ కిటుకు నాకు సమజ్ గాదా? నేను తాగలే. నా కొడుకు ఆకలితోని తిరుగుతుంటే నేను జుర్రుకుంట కూసుంటనా?

గని ఒక్క మాట. నువ్వుల పొడి ఎయ్యమని రాసినవ్. వాడు గట్లనే తింటుండెనా? గిక్కడ ఉన్నన్ని దినాలు వానికి యాటకూర, కల్లు. పెండ్లయినంక రెండేండ్లు గక్కడ నీ చేతి అన్నం తిన్నడు. గక్కడ ఏది ఇష్టపడ్డడో నాకు ఎర్కలేదు. గదే ఇస్తర్ల తక్కువైందేమో. గందుకే ముట్టలేదేమో. నువ్వు అన్నీ రాయి. ఏది తిన్నడు, ఎట్ల జేస్తరు, ఎంత ఉప్పు, అన్నీ. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టేటప్పుడు వానికి గదే పెడ్త.

నువ్వు ఒక్కదానివే ఉంటివి, తింటున్నవో లేదో. అలిసిపోయి వచ్చిననాడు సర్వపిండి చేస్కో. బియ్యప్పిండిల నానవెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కారం, ఉప్పు ఎయ్యి. గట్టిగ కలుపు. మందం గిన్నెకు నూనె రాసి లోపట అద్దు. వేలుతోని బొక్కలు పొడిచి ఒక్కొక్క సుక్క నూనె ఇడువు. మూత పెట్టి సన్నమంట. సప్పుడు ఆగిందంటే అయినట్టు. కూర అక్కరలేదు.

నీ అత్తమ్మ

గిది నా మాట: మొన్న ఎల్లక్కకు జాకెట్టు కుట్టిన. పాత కొలత మీద రెండు వేళ్ల మందం తగ్గింది. టేపు తప్పు గాదు, కొలిచి మరీ సూసిన. — రాజి

*

భూపాలపల్లి,
సెప్టెంబరు

అత్తమ్మకు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నమ్మి కాదు.

నీ కొడుకు ఇక్కడ ఇష్టపడి తిన్నది గుడ్ల కూర. మటన్ కాదు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఒంటినిండా బొగ్గు, పళ్లు మాత్రం తెల్లగా. స్నానం చేస్తూనే "ఉడికినయా?" అని అరిచేవాడు. నాలుగు గుడ్లు ఉడకబెట్టి ఒలిచి, చాకుతో గాట్లు పెట్టు. నూనెలో పసుపేసి గుడ్లు ఎర్రగా దొర్లించి పక్కన పెట్టు. అదే నూనెలో ఉల్లిగడ్డలు, అల్లమెల్లిగడ్డ, ఆ తర్వాత బాగా పండిన టమాటలు. టమాట తోలు విడిచేదాకా ఓపిక పట్టాలి, తొందరపడితే పచ్చివాసన. కారం, ఉప్పు, ధనియాల పొడి. చిన్న గ్లాసు నీళ్లు. మరిగాక గుడ్లు వేసి మూత.

ఆదివారం సేమ్యా. చెంచా నెయ్యిలో సేమ్యా వేయించి, పాలు కాగాక అందులో వెయ్యాలి. పంచదార చివర్లో. ముందే వేస్తే సేమ్యా ఉడకదు. ఆయనకు చిక్కగా ఉండాలి, చెంచా నిలబడాలి. నాకు పల్చగా. ఒకే గిన్నెలో వండేవాళ్లం కాబట్టి ప్రతి ఆదివారం ఒకరు ఓడిపోయేవారు. ఇప్పుడు ఎట్లా వండినా అడిగేవాళ్లు లేరు. వండటం లేదు.

పెత్రమాసకు పెడతానంటే పెట్టు. ఒక్కటి మాత్రం విను. కల్లు పెట్టకు. ఎందుకని అడగకు.

మా పాస్టరయ్య అంటాడు, ఆయన విశ్రాంతిలో ఉన్నాడు, సంతోషించమని. విన్నాను. గోడ కూడా వింటుంది. ఇంటికి వచ్చి నీ సర్వపిండి చేశాను. మాడింది. చప్పుడు ఆగాక ఇంకా ఎందుకు ఉంచానో గుర్తు లేదు. పొయ్యి వైపే చూస్తూ ఉన్నాననుకుంటా. మాడింది కూడా తిన్నాను. దేవుడిచ్చిన తిండి పారేయకూడదు కదా, అది కూడా అలవాటే.

నువ్వు మాత్రం కూర తిను.

షారోన్

*

స్టేషన్ ఘన్‌పూర్,
అక్టోబరు

బిడ్డ షారోన్‌కు,

పెత్రమాస అయింది. నువ్వు రాసినట్టే జేసిన. గుడ్ల కూర, చిక్కటి సేమ్యా. చెంచా నిలవెట్టి సూసిన, నిలవడ్డది. గోడ మీద ఆకేసి పెట్టిన. కల్లు పెట్టలే.

పక్కింటి మణెమ్మ వాళ్ల మామకు పెట్టింది. ఆమె గోడ మీద కాకులు కొట్లాడుకున్నయ్. మా గోడ మీదికి ఒక్కటి రాలే. రెండు గోడల నడుమ జానెడు సందు. మణెమ్మ అన్నది, "కల్లు లేకుంట మొగోడు ఎట్లొస్తడక్కా?" అని. నాకు ఒళ్లు మండింది గని, గదే మాట నా మనసుల సుత ఉన్నది.

ఎందుకు వద్దన్నవ్ బిడ్డా? పోయిన ఉగాదికి వచ్చినప్పుడు సుత తాగలే వాడు. కడుపు మంచిగలేదన్నడు. నేను వాము దంచి పెట్టిన. వానికేమన్న రోగముండెనా? నాకు చెప్పకుంట దాసినరా?

నీ అత్తమ్మ

చెప్పొద్దన్నది గని రాస్తున్న. మొన్న పత్తి ఏరవోయి చేన్ల సోయి తప్పి పడ్డది. ఆటోల దవాఖానకు తీసుకపోయినం. డాక్టరమ్మ ఆకుకూరలు తిను, గుడ్డు తిను అన్నది. "ఒట్టున్నదమ్మా" అన్నది గీమె. డాక్టరమ్మ నా దిక్కు సూసింది. నేనేం జెప్పాలె? — రాజి

*

తొర్రూరు,
క్రిస్మస్ మర్నాడు

అత్తమ్మకు,

మా అమ్మ దగ్గరికి వచ్చాను. ఇల్లంతా చుట్టాలు. అందరూ నన్ను చూడగానే గొంతు తగ్గిస్తున్నారు. వంటింట్లో ఉంటే ఎవరూ మాట్లాడించరు కదా అని కేకులు చేశాను. ఒకటి తర్వాత ఒకటి.

పొయ్యి మీద కుక్కర్‌లోనే చేయొచ్చు. కుక్కర్ అడుగున రెండు గుప్పెళ్ల ఉప్పు పోసి, పైన ఒక ప్లేటు బోర్లించు. విజిల్ తీసెయ్యి, రబ్బరు తీసెయ్యి. మూడు గుడ్లు, గ్లాసు పంచదార బాగా గిలక్కొట్టు. అర గ్లాసు నూనె. గ్లాసున్నర మైదాలో చెంచా బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి వెయ్యి. జారుగా అయ్యేదాకా పాలు. ఇలాచి పొడి. గిన్నెకు నూనె రాసి పోసి, కుక్కర్‌లో పెట్టి మూత. సన్నమంట. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఇది కూర కాదు. నీకు దండం పెడతాను, ఇది కూడా కూర కాదు.

చేన్లో పడిపోయావట. నాకు ఎంత కోపం వచ్చిందో రాయడానికి మాటలు లేవు. నా మొగుడు లారీ మీంచి పడ్డాడు. నువ్వు పత్తి చేన్లో పడ్డావు. నన్నేం చెయ్యమంటావు, ఇంకెవరు పడతారా అని కూర్చుని చూడమంటావా?

రోగం కాదు అత్తమ్మా. నీ కొడుకు బాప్తిస్మం తీసుకున్నాడు. చనిపోవడానికి ముందటి డిసెంబరులో. నేను బలవంతం చెయ్యలేదు, ఆయనే అడిగాడు. అప్పటినుంచే కల్లు మానేశాడు. నీకు చెప్పడానికి భయపడ్డాడు. నువ్వు విస్తర్లో ఏది పెట్టినా, ఎంత చిక్కగా పెట్టినా ఒకటే. ఆయన నమ్మిన దాంట్లో పిట్టగా రావడం లేదు. నువ్వు రాని వాడి కోసం కాచుకుని ఎండిపోతున్నావు.

తిను. లేకపోతే ఇంక నేను రాయను.

షారోన్

*

స్టేషన్ ఘన్‌పూర్,
జనవరి

షారోనూ,

నీకు బుద్ధి ఉన్నదా? గిది ఎల్లక్క చెప్పంగ రాసే ఉత్తరం గాదు. నేను రాజిని, నా అంతట నేను రాస్తున్న.

గడపల కూసోని ఒర్రి సదువుతనని నీకు ఎర్కనే గదా. కేకు గురించి గట్టిగ సదివిన. గుడ్లు, పంచదార, మైదా. ఆడోళ్లు నలుగురు జమైనరు, "మల్ల సదువు, రబ్బరు తియ్యాల్నా ఉంచాల్నా?" అని. అదే ఊపుల కిందికి దిగిన. నోరు ఆగలే. బాప్తిస్మం అన్న మాట నా నోట్లకెల్లి పోయినంక ఆగిన. ఆగి ఏం ఫాయిదా? గోడ అవుతల పోశాలు మామ బీడి తాగుతుండు.

ఎల్లక్క మిగిలింది సదువు అన్నది. సదివిన. లోపటికి పోయి చాటల కందులు పోసుకొని చెరిగింది. చెరిగినయి కుప్ప పోసి, మల్ల గవే చాటల పోసి చెరిగింది. పొద్దుగూకేదాక గదే పని.

పోశాలు మామ మాత్రం ఊకుంటడా? వాకిట్లకొచ్చి, "వాడు ఆళ్లల్ల కలిసిండని ముందుగాల ఎందుకు చెప్పలే? నేను బొందలగడ్డ కాడ నిలవడి మాటిస్తి. ఇజ్జత్ పాయె. ఏడాది ఆళ్లనే చెయ్యమను, నేను రాను" అన్నడు. ఎల్లక్క చాట దించకుంటనే, "బీడి బయటనే తాగు బావా, దగ్గొస్తది" అన్నది. అంతే.

కేకు మణెమ్మ చేసింది. మంచిగనే వచ్చింది. గిది నీకు చెప్పాల్నో లేదో తెల్వక రాస్తున్న.

రాజి

*

భూపాలపల్లి,
జనవరి

రాజక్కా, అత్తమ్మా, ఇద్దరికీ,

రాసింది నిజం. గట్టిగా చదువుతారని కోపంలో మరచిపోయాను. వాడకట్టంతా విన్నారు కాబట్టి ఇంక మెల్లగా రాయాల్సిన పని లేదు.

పాస్టరయ్య దగ్గరికి వెళ్లి అడిగాను, ఏడాదికి ఏం చేస్తారని. "ఆదరణ కూడిక పెడదామమ్మా, కాని అంత దూరం రాలేము, ఆ ఊర్లో మనవాళ్లు లేరు" అన్నాడు. నేను నవ్వాను. పోశాలు మామ, ఆయన మావాడు కాదన్నాడు. వీళ్లు మనవాళ్లు అక్కడ లేరన్నారు. చనిపోయినప్పుడు లారీ వాడు కూడా ఇదే అన్నాడు, పనివాళ్ల లెక్కలో ఆయన పేరు లేదని.

మా దాంట్లో చనిపోయినవాళ్లకు పెట్టం. వాళ్ల పేరు మీద పాట పాడి, వచ్చినవాళ్లకు అన్నం పెడతాం. నేను ఆయన పేరు మీద ఎవరికీ పెట్టలేదు. రోజూ క్యాంటీన్‌లో అంతమందికి వడ్డిస్తాను, అది జీతానికి.

ఈసారి వంట ఏమీ రాయడం లేదు. ఏం వండుతున్నానో చూడకుండానే వండుతున్నాను.

షారోన్

*

స్టేషన్ ఘన్‌పూర్,
ఫిబ్రవరి

బిడ్డ షారోన్‌కు,

రాజిని తలుపేసి సదువుమన్న ఈసారి. రాసేటప్పుడు సుత తలుపేసినం. ఉక్క పోస్తున్నదని రాజి గునుగుతున్నది.

నాకు కోపం రాలేదని అనుకోకు. వచ్చింది. కన్నతల్లికి చెప్పకుంట దేవుణ్ణి మార్చుకుంటడా? సిమ్ము మార్చినట్టు? గని ఎవలి మీద కోపం చెయ్యాలె? నీ మీద జేద్దామంటే నువ్వు గక్కడ ఒక్కదానివే ఉంటివి. వాని మీద జేద్దామంటే వాడు లేకపాయె.

నాకు కొన్ని ముచ్చట్లు తెల్వాలె. బాప్తిస్మం అంటే నీళ్లల్ల ముంచుతరట గదా. డిసెంబరు నెలల ఎట్ల ముంచిన్రు? నీళ్లు సల్లగ లేవా? వానికి చిన్నప్పటిసంది సర్ది జల్దిన పడ్తది. వేడినీళ్లు పోసిన్రా? తలకాయ ఎవలు తుడిసిన్రు? ఆ దినం ఏం తిన్నడు? వాడు నా గురించి ఏమన్న అన్నడా?

అన్నీ రాయి. కోపంల రాయకు, నెమ్మదిగ రాయి.

నీ అత్తమ్మ

*

భూపాలపల్లి,
మార్చి

అత్తమ్మకు,

నీళ్లు చల్లగానే ఉన్నాయి. చర్చి వెనక సిమెంటు తొట్టి ఉంది, అందులో. పాస్టరయ్య భుజాలు పట్టి వెనక్కి ముంచి లేపాడు. లేచేటప్పుడు అందరూ "హల్లెలూయ" అనాలి. నీ కొడుకు పళ్లు పటపటలాడిస్తూ "ఓ అవ్వా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. పాస్టరయ్య కూడా నవ్వాడు. నీ గురించి ఏమన్నా అన్నాడా అని అడిగావు. అది అన్నాడు.

తల నేనే తుడిచాను. ఆ రోజు చర్చిలో బగారన్నం. రెండు గిన్నెలు తిన్నాడు. రాత్రికి సర్ది పట్టింది. "మా అవ్వ చేసే మిరియాల చారు చెయ్యవే" అన్నాడు. నాకు తెలిసినట్టు చేశాను. తాగి, "గిది చారే, గని మా అవ్వది గాదు" అన్నాడు. కోపం వచ్చింది నాకు. అది ఎట్లా చేస్తావు? రాయి.

ఉగాదికి నీకు చెప్పాలనే వచ్చాడు. బస్సులో మాటలన్నీ కూడబెట్టుకున్నాడు. వచ్చేసరికి నువ్వు పోచమ్మకు కోసిన కోడి వండి కంచం పెట్టావు. అట్లా మొక్కు చెల్లించినది మేము తినం. నేను ఆయన వైపు చూశాను. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు, ఆ తర్వాత తిన్నాడు. బయటికొచ్చాక అడిగితే, "అవ్వ వండింది గదనే, ఎట్ల వద్దంట?" అన్నాడు. కల్లుకు మాత్రం కడుపునొప్పి చెప్పాడు. చెప్పాల్సిన మాటలన్నీ అట్లాగే తిరిగి తెచ్చుకున్నాడు.

అది తప్పా కాదా అని అప్పుడు నేను వారం రోజులు ఆయనతో వాదించాను. వాక్యం చూపించాను. ఇప్పుడు అడిగితే నాకు తెలియదు. నమ్మకం పోయిందా అని మా అమ్మ అడుగుతోంది. పోలేదు. ఉందని కూడా తెలియడం లేదు. తిమ్మిరెక్కిన కాలు లాగా ఉంది. మీద బరువు వేస్తే నిలబడుతుంది, నాదేనా అంటే నాది కాదన్నట్టు ఉంటుంది.

షారోన్

*

స్టేషన్ ఘన్‌పూర్,
ఏప్రిల్

బిడ్డ షారోన్‌కు,

"ఓ అవ్వా" కాడ రాజి సదువుడు ఆపింది. మల్ల సదువుమన్న. నాకు అక్షరాలు రావు గని, కాయితం మీద ఆ మాట యాడ ఉన్నదో వేలు పెట్టి సూపియ్యమన్న. సూపిచ్చింది.

మిరియాల చారు ఏం పెద్ద పని? మిరియాలు, జీలకర్ర, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు పొట్టుతోనే కచ్చపచ్చగ దంచాలె. మిక్సీల ఎయ్యొద్దు, మెత్తగైతది. చింతపండు పులుసు పల్చగ. పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. పొంగు రాంగనే దించాలె, మరగనియ్యొద్దు. నువ్వు మరగవెట్టినవ్, గదే నీ తప్పు. నూనెల ఎండుమిర్చి, కరెపాకు. గంతే.

వచ్చే నెల ఏడాది. పోశాలు బావ రానంటుండు. మీ పాస్టరు రానంటుండు. నేను పెడ్త. ఎవలొచ్చినా రాకున్నా పెడ్త. అప్పుడు సుత పిట్ట ముట్టకుంటే గిట్లనే ఉంట, ఇగ నన్ను ఏమనకున్రి. గని వంట నీ చేతిది గావాలె. నేను చేసిన గుడ్ల కూర గిన్నె నిండ నీళ్లే అయింది. నువ్వొచ్చి వండు బిడ్డా. ఒక్క పూటకు రా.

నీ అత్తమ్మ

ఈసారి కొలత తీసుకోనియ్యలే. నేను కండ్లతోనే సూసిన. జల్ది రా. — రాజి

*

భూపాలపల్లి,
ఏప్రిల్ ఆఖరు

అత్తమ్మకు,

వస్తాను. మేస్త్రీ సెలవు ఇవ్వనన్నాడు. "ఏడాదికి గూడ సెలవా?" అన్నాడు. "అవును, చచ్చిపోయినోళ్లకు ప్రతి ఏడాదీ వస్తది" అన్నాను. ఇచ్చాడు, అది కూడా ఒక్క పూటే.

ముందే చెబుతున్నాను, తర్వాత గొడవ వద్దు. వండుతాను. గుడ్లు, టమాటలు ఇక్కడినుంచే తెస్తాను. విస్తరి వేసేటప్పుడు మాత్రం అక్కడ నిలబడను. నిలబడితే అబద్ధమవుతుంది. నీ కోసం అబద్ధమాడొచ్చు, ఆయన ఆడాడు. నాకు చేతకాదు. వండి, బస్సెక్కుతాను. పిట్ట వచ్చిందా లేదా అని నేను అడగను. నువ్వు తిన్నావా లేదా అనేదే అడుగుతాను.

షారోన్

*

స్టేషన్ ఘన్‌పూర్,
మే

బిడ్డ షారోన్‌కు,

నువ్వు బస్సెక్కినంక బొందలగడ్డకు పోయినం. నేను, రాజి, మణెమ్మ. పోయి సూస్తే పోశాలు బావ ముందుగాలనే గక్కడ కూసోని బీడి తాగుతుండు. "నేను రాలే. గిక్కడ ఊకె కూసున్న" అన్నడు. "కూసో" అన్న.

ఇస్తరేసి నీ అన్నం, గుడ్ల కూర, సేమ్యా పెట్టిన. బావ మెడ సాపి సూసి, "ఏడాదికి గుడ్ల కూరనా? యాట లేదు, కోడి లేదు. వాడు అలుగడా?" అన్నడు. "వాని పెండ్లం వండింది. నీకేంది?" అని మణెమ్మ కసిరింది.

దూరం జరిగినం. ఎండ. కాకి లేదు, పిట్ట లేదు. కరెంటు తీగెల మీద సుత ఏం లేదు. పోయిన ఏడాది మాటలిచ్చినట్టు ఈసారి ఎవలు ఇయ్యలే. ఇయ్యనీకి మాటలేడ మిగిలినయ్?

గంతల కోతులొచ్చినయ్. ఒక్కటి గాదు, మంద. పెద్ద కోతి ఇస్తరి ముంగట మనిషి లెక్క సక్లముక్లం పెట్టి కూసున్నది. గుడ్డు తీసి కొరికింది. కారం తగిలినట్టున్నది, మూతి మోకాలుకు తుడుసుకొని మల్ల కొరికింది. పిల్లకోతి సేమ్యాల మోచేయి దాక పెట్టి నాకింది. రాజి చెప్పు ఇసిరితే ఆ చెప్పు సుత ఎత్తుకపోయింది ఒకటి. ఇంకోటి మణెమ్మ సంచి గుంజుకున్నది. మణెమ్మ దాని ఎనుక ఉరికింది.

పోశాలు బావ బీడి పారేసి రెండు చేతులు జోడిచ్చిండు. "ఆంజనేయసామే వచ్చిండే ఎల్లక్కా!" అన్నడు. మణెమ్మ ఉరుక్కుంటనే, "ఆంజనేయసామికి నా సంచెందుకు బావా?" అన్నది. బావ, "కోతి ముట్టినా లెక్కనే. ఒట్టు తీరింది" అంటడు. రాజి, "పిట్టంటే పిట్టనే, కోతి లెక్కకు రాదు, వచ్చే ఏడాది మల్ల పెట్టాలె" అంటది. ఒక కాలుకు చెప్పు లేకుంటనే నిలవడి కొట్లాడింది. ఆళ్లు అట్ల కొట్లాడుతుంటే కోతులు ఆకు సుత చింపి పోయినయ్. నేల మీద రెండు మెతుకులు మిగిలినయ్.

నాకు నవ్వు రాలే, ఏడుపు రాలే. నీకు రాలేదని రాసినవ్ గదా, గట్లనే. ఆ మెతుకుల దిక్కు సూసుకుంట నిలవడ్డ. వాడు రాడు. గది తెలిసింది. కాకి వచ్చినా వాడు గాదు, కోతి వచ్చినా వాడు గాదు. మీ దేవుని కాడ ఉన్నడో, మా పెద్దల కాడ ఉన్నడో, గది నాకు తెల్వది. గీడికైతే రాడు. ఆకలితోని తిరుగుతలేడు. ఆకలి నాకే ఉన్నది.

గిన్నెల కూర మిగిలింది. రాయి మీద కూసోని అన్నమేసుకొని కలిపిన. "అక్కా, ఒట్టు!" అన్నది రాజి. "నోరు ముయ్యి, నువ్వు సుత రా" అన్న. తిన్న బిడ్డా. రెండు గుడ్లు తిన్న. నువ్వు అడుగుతనన్నవ్ గదా, అడగకముందే చెప్తున్న. కూర మంచిగున్నది. బావకు సుత పెట్టిన, "బాగనే ఉన్నది, కోడైతే ఇంకా బాగుండు" అనుకుంట గిన్నె నాకిండు.

రాత్రి కడుపు నొచ్చింది. ఏడాదిసంది కారం తగలని కడుపు గదా. వాము తిని పండుకున్న.

ఇగ సాలా అంటున్నది రాజి, ఎవలిదో పెండ్లి జాకెట్టు మిషన్ మీదనే ఉన్నదట. రేపు సంత. తోటకూర దొరికితే తోటకూర, లేకుంటే గోకరకాయ.

నీ అత్తమ్మ